పాట కాదది

ఆ ఇంట్లో ఎవరికి స్నానం చేయాలనిపించినా ముందు వెర్నెల్‌ని కేకేయాలి. తొట్టి నిండా ట్రేలుంటాయి. ట్రేలలో మందునీళ్ళు, ఆ నీళ్ళలో ఆమె భర్త ఓజెల్ తీసిన ఫోటోలు. "అమ్మాయ్, నీ మొగుడి సరంజామా కాస్త తీస్తావా, ఒళ్ళు కడుక్కోవాలి" అనేది అత్తగారు ఆర్జీలియా. కొడుకు పక్క గదిలోనే కాళ్ళు చాపుకుని కూర్చున్నా సరే, పిలుపు మాత్రం కోడలికే. ఆ సరంజామా కొడుకుదీ, తీసే పని కోడలిదీ కావడంలో ఆవిడకి వింతేమీ కనపడేది కాదు. వెర్నెల్‌కి కూడా చాలాకాలం కనపడలేదు.

పొద్దుటంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి వచ్చేది వెర్నెల్. మధ్యాహ్నం స్నానాలగది కిటికీకి కంబళి కట్టి, ఎర్ర బల్బు వేసుకుని, ఫోటోలు కడిగేది. పెళ్ళయిన కొత్తలో ఓజెలే నేర్పాడు. "నీకు ఓపిక ఎక్కువ వెర్నీ. అయినా ఇది వంటలాంటిదే, ఆడవాళ్ళకి ఇట్టే పట్టుబడుతుంది" అన్నాడు. అది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయింది. తోళ్ళ కర్మాగారంలో పని దిగగానే అతను మెడలో కెమెరా వేసుకుని వాల్నట్ వీధిలో పడేవాడు. మంగలి కొట్టు, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు, మెట్ల మీద పిల్లలు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో నల్లవాళ్ళ బతుకంతా ఆ వీధిలోనే ఉందనేవాడు. ఒక ముసలాయన టోపీ మీద ఎండ సరిగ్గా పడటం కోసం పూటంతా కాచుకుని ఉండగలిగిన మనిషి, అన్నం దగ్గర మాత్రం క్షణం ఆగలేకపోయేవాడు.

పందొమ్మిది వందల అరవై ఏడులో, నల్లవాళ్ళకి ఊళ్ళో ఎక్కడైనా ఇల్లివ్వాలని, ఇళ్ళ ఉద్యమం వచ్చింది. ఊరిని చీల్చే లోయకి ఇటు నల్లవాళ్ళు, అటు తెల్లవాళ్ళు, మధ్యలో పొడవాటి వంతెన. అవతల ఇల్లు అద్దెకి అడిగితే ఎవరూ ఇచ్చేవారు కాదు. వెర్నెల్, ఓజెల్ కూడా ఒకసారి వెళ్ళారు. కిటికీలో 'అద్దెకివ్వబడును' బోర్డు వేలాడుతూనే ఉంది, దాని పక్కనే నిలబడి ఇంటావిడ "ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అంది. ఆ బాధ వెర్నెల్‌కే ఎక్కువ. మూడు గదుల్లో అత్తగారితో, ట్రేలతో ఊపిరాడక చచ్చేది ఆమె. కానీ ఉద్యమం సమావేశాలు వాళ్ళ ముందుగదిలో జరిగితే, ఆమె వంటింట్లో కోడి వేయిస్తూ ఉండేది. "ఈ నగరంలో ప్రతి తలుపూ మనకి తెరుచుకోవాలి!" అని లోపల ఎవరో బల్ల గుద్దేవారు. వెంటనే ఓజెల్ గొంతు, "వెర్నీ, ఆ తలుపెయ్యి, పొగొస్తోంది."

ఆగస్టు చివర వంతెన మీదుగా తీసిన ఊరేగింపుకి ఆమె తానే బయలుదేరింది. అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నువ్వెందుకే? ఆడు ఫోటోలు తీసుకోవాలి, ఎళ్తాడు. నీకేం పనక్కడ?"

"ఇల్లు నాకూ కావాలి అత్తయ్యా."

"రాత్రికి వంటెవరు చేస్తారు?"

"వచ్చి చేస్తాను" అంది వెర్నెల్. ఆ మాట ఎందుకన్నానా అని వంతెన ఎక్కేదాకా ఆలోచిస్తూనే ఉంది.

వంతెన దిగేసరికి అవతల తెల్ల జనం. మగవాళ్ళు, ఆడవాళ్ళు, చంకల్లో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు. ముందు తిట్లు వచ్చాయి, తర్వాత రాళ్ళు, తర్వాత సీసాలు. ఒక సీసా వెర్నెల్ భుజానికి తగిలింది. పడిపోయింది. వెనక వరసలు చెదిరి పరిగెత్తాయి, ఎవరిదో బూటు మడమ ఆమె ఎడమ చేతి మీద ఆగి, తిరిగి, వెళ్ళిపోయింది. గౌను మోకాళ్ళ పైకి చిరిగిపోయింది. తలెత్తితే ఎదురుగా ఓజెల్ కనిపించాడు. గది ఈ గోడ నుంచి ఆ గోడకి ఉన్నంత దూరం, అంతే. ఓజెల్ ఆమెని చూశాడు. మోకాలి మీద వంగాడు. తన కోసమే వంగాడనుకుంది. "ఓజెల్! చెయ్యి!" అని అరిచింది. మళ్ళీ అరిచింది. అతను వంగింది కెమెరా కోసం.

ఆమెని లేపింది ఎవరో ముక్కూ మొహం తెలియని లావుపాటి ఆవిడ. పేరు అడిగే లోపలే జనంలో కలిసిపోయింది.

మర్నాడు పత్రిక వాళ్ళకి ఫోటో కావాలి. ఓజెల్ సమావేశానికి పరుగెడుతూ ఫిల్ము ఆమె ఒళ్ళో పెట్టాడు. "కుడి చెయ్యి బాగానే ఉందిగా, మెల్లిగా కానివ్వు." ఎడమ చేతికి మణికట్టు దాకా కట్టు. ఎర్ర వెలుగులో, ఒంటిచేత్తో కాగితాన్ని నీళ్ళలో ఆడిస్తూ కూర్చుంది. ముందు నల్లటి నోరు తేలింది. ఆ తర్వాత కళ్ళు, చిరిగిన గౌను, గాల్లో ఇంకా కింద పడని సీసా. ఒక అంచున లావుపాటి ఆవిడ చెయ్యి కూడా పడింది, తన వైపు చాచిన చెయ్యి. ఓజెల్ తిరిగొచ్చి కాగితాన్ని బల్బు దగ్గరికి ఎత్తి చూశాడు. తర్వాత, "ఆ చెయ్యి కత్తిరించెయ్. అది ఉంటే నువ్వు లేస్తావని తెలిసిపోతుంది. పడిన మనిషి కావాలి" అన్నాడు.

కత్తెర పట్టుకుంది వెర్నెలే.

ఆ ఫోటో ఊళ్ళు దాటింది. కింద 'పడినా పాడుతున్న స్త్రీ' అని ఎవరో రాశారు. చర్చిలో పియానో వాయించేది వెర్నెల్, కాబట్టి పాడుతోందంటే అందరూ నమ్మారు. ఆమె నోటిని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. ఆమె తొడలు లోకమంతా చూసిందని అత్తగారు ముఖం చాటేసింది. ఎడమ చేతి రెండు వేళ్ళు మళ్ళీ చాపడానికి రాలేదు. క్రిస్మస్‌కి చర్చి వాళ్ళు పియానో ఇంకొక అమ్మాయికి అప్పజెప్పారు, వెర్నెల్‌కి పూలగుత్తి ఇచ్చారు. ఒక్కసారే అడిగిందామె ఓజెల్‌ని, చెయ్యి ఎందుకు ఇవ్వలేదని. "చెయ్యిస్తే నువ్వొక్కదానివే లేచేదానివి వెర్నీ. ఫోటో తీశాను, జాతి లేచింది" అన్నాడు. అది అబద్ధం కాదు. ఫోటో చూసి ఊరేగింపుల్లోకి వచ్చినవాళ్ళని తనే చూసింది. ఎవరికైనా ఇల్లివ్వాలనే చట్టం కూడా వచ్చింది. నెగటివ్‌ని తగలబెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నా, వాళ్ళ ముఖాలు గుర్తొచ్చి అగ్గిపుల్ల ఆర్పేసేది. అడిగినవాళ్ళందరికీ ఆ ఫోటో తనే కడిగి పంపింది. ఎన్నిసార్లు కడిగినా ముందు తేలేది నోరే. ఆమెకి మిగిలిన ఊరట ఒక్కటే. ఆ గోలలో, ఆ తిట్లలో, అతనికి తన పిలుపు వినపడి ఉండదు. వినపడితే వచ్చి ఉండేవాడు. దాన్ని పట్టుకునే అతని పక్కన నిద్రపోయింది, అతని బట్టలు ఉతికింది, అతని తల్లికి చివరి రోజుల్లో ఒళ్ళు తుడిచింది.

చట్టం వచ్చినా వాళ్ళు వంతెన దాటలేదు. ఎక్కడికెళ్ళినా ఇల్లు ఖాళీ లేదనడానికి తెల్లవాళ్ళు కొత్త మాటలు నేర్చుకున్నారు. ఇటువైపు పెద్ద రోడ్డు వేస్తామని వాల్నట్ వీధిలో సగం కూలగొట్టారు. మంగలి కొట్టు పోయింది, మెట్లు పోయాయి. మిగిలింది ఓజెల్ ఫోటోల్లోనే. దాంతో అతని పేరు ఇంకా పెద్దదయింది.

ఊరేగింపుకి ముప్పై ఏళ్ళు నిండాయని నగరం మ్యూజియంలో సభ పెట్టారు. గోడంత ఎత్తున ఆ ఫోటో. తన నోరు తలుపంత ఉంది. సభ నడిపే అమ్మాయి చక్కగా నవ్వుతూ మైకు ఈసారి ఓజెల్‌కి కాక ఆమెకిచ్చింది.

"అమ్మా, అందరం అడగాలనుకునే ప్రశ్న. ఆ రోజు మీరు ఏం పాట పాడుతున్నారు?"

ముప్పై ఏళ్ళలో ఎవరూ తనని అడగలేదు.

"పాట కాదమ్మా అది. ఆయన్ని పిలుస్తున్నాను. నన్ను లేపమని."

వెనక ఎవరో నవ్వారు, ఆప్యాయంగా. ఆ నవ్వు వరసలన్నీ పాకింది, చప్పట్లయింది. "ఎంత ప్రేమ!" అంది ఆ అమ్మాయి, కళ్ళు ఒత్తుకుంటూ. ఓజెల్ లేచి, నవ్వుతూ వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. ఫోటోలు తీశారు. వెర్నెల్ మళ్ళీ మైకు కోసం చూసింది. అది అప్పటికే ఇంకెవరి దగ్గరో ఉంది.

ఇంటికెళ్తూ కారులో ఓజెల్ హుషారుగా ఉన్నాడు.

"బాగా చెప్పావు. ఇన్నాళ్ళూ నేనే పాట పాట అంటూ వచ్చాను. ఇదే బాగుంది."

"నీకు తెలియదుగా, ఏమన్నానో."

"ఎందుకు తెలియదు? వినపడింది."

వెర్నెల్ తల తిప్పి చూసింది. అతను రోడ్డునే చూస్తున్నాడు. ముఖంలో తప్పు చేసిన జాడ లేదు. మంచి పనిని గుర్తు చేసుకుంటున్న మనిషి తృప్తి ఉంది.

"నీ గొంతు నాకు తెలియదా ఏంటి? మొదటిసారి పిలిచినప్పుడు తల పక్కకి ఉంది. మళ్ళీ పిలుస్తావని తెలుసు, ఆగాను. రెండోసారికి నోరు పూర్తిగా తెరుచుకుంది, మొహం మీద వెలుగు పడింది. అప్పుడు నొక్కాను."

కారు సిగ్నల్ దగ్గర ఆగింది. "ఆకలేస్తోంది, ఇంట్లో ఏముంది?" అని అడిగాడు. ఏముందో చెప్పింది. ఇంటికెళ్ళి వేడి చేసి పెట్టింది. వెళ్ళిపోవడానికి ఆమెకి ఇంకో ఇల్లు లేదు, ఇంకో వీధి కూడా మిగల్లేదు.

ఆ తర్వాత అతను బతికినన్నాళ్ళూ వెర్నెల్ అతన్ని పేరు పెట్టి పిలవలేదు. అవసరమైతే "ఇదిగో" అనేది, లేదంటే వెళ్ళి ఎదురుగా నిలబడేది. ఓజెల్ అది గమనించనే లేదు.