తొమ్మిదోవాడు

తాళ్ళకు వేలాడే రింగుల మధ్య జితేంద్ర రెండు చేతులూ అడ్డంగా చాచి, నేలకు అందనంత ఎత్తున శిలువలా నిలిచాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుని కిందికి దూకాడు. ఎడమ భుజంలో ఏదో కలుక్కుమంది. ఎవరూ చూడకుండా ఒత్తుకున్నాడు.

మ్యూనిక్‌లోని ఆ ఆటల హాలు వెనక, పోటీకి ముందు ఒళ్ళు వేడి చేసుకునే గది అది. ఇంకో నలభై నిమిషాల్లో జిమ్నాస్టిక్స్ రింగుల ఫైనల్. ఆడేది ఎనిమిది మంది. నిన్నటి అర్హత పోటీలో జితేంద్ర తొమ్మిదోవాడు. ఎవరైనా తప్పుకుంటేనే అతనికి చోటు. అందాకా అందరిలాగే సిద్ధమై కూర్చోవాలి.

వరంగల్‌లో పదేళ్ళప్పుడు పట్టిన ఆట. ఇప్పుడు ముప్ఫై ఒకటి. దోహా, బాకు, కైరో అంటూ దేశం తరఫున పన్నెండేళ్ళు తిరిగాడు గానీ ఒక్క ఫైనల్ ఆడింది లేదు. ఇలా తొమ్మిదోవాడిగా కూర్చోవడం ఇది నాలుగోసారి. పెళ్ళయ్యాక భార్య అనూహ్య ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చి, సాయంత్రాలు ఒక క్లబ్బులో పిల్లలకు పిల్లిమొగ్గలు నేర్పుతున్నాడు. వచ్చే నెల భుజానికి ఆపరేషన్. ఆ తరవాత రింగులు మర్చిపొమ్మని డాక్టరు చెప్పేశాడు.

గ్యాలరీలోంచి అనూహ్య ఫోన్ చేసింది.

"ఏమన్న తిన్నవా?"

"దిగుతలేదు."

"చెయ్యి ఎట్లుంది?"

"చెయ్యి సంగతి కాదు, అనూ. ఒక్కొక్కడు రింగులెక్కుతుంటే, వీడు జారితే బాగుండని చూస్తున్న. సిగ్గైతుంది."

"నేను సుత గదే మొక్కుతున్న," అంది మెల్లగా.

ఫోన్ పెట్టేశాడో లేదో, గదిలో కేక వినిపించింది. హంగేరీవాడు మార్టన్ అరచెయ్యి పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. చర్మం ఊడి వేలాడుతోంది. అతని కోచ్ చూసి, తల అడ్డంగా ఊపి, జడ్జీలకు చెప్పడానికి పరుగెత్తాడు. తలుపు దగ్గరున్న నిర్వాహకురాలు జితేంద్ర వైపు తిరిగి, "రెడీగా ఉండండి," అంది.

జితేంద్ర జాకెట్ విప్పాడు. తోలు చేతిపట్టీలు తొడుక్కున్నాడు.

మార్టన్ గోడకు జారగిలబడి ఒంటిచేత్తో టేపు చుట్టుకోబోతున్నాడు. అది నిలవడం లేదు. "నా మొదటి ఫైనల్," అన్నాడు ఇంగ్లీషులో, ఎవరి వైపూ చూడకుండా.

జితేంద్ర చూపు తిప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ళలో అలాంటి గాయాలు తనకెన్నో అయ్యాయి. సరిగ్గా కడితే ఆడొచ్చు. కానీ ఆ సంగతి చెప్పాల్సిన పని తనకేముంది? కోచ్ తిరిగొచ్చేదాకా నోరు మూసుకుంటే చాలు.

ఒక నిమిషం అలాగే కూర్చున్నాడు కూడా.

తరవాత పట్టీలు విప్పి బెంచీ కింద పడేసి, లేచి వెళ్ళి మార్టన్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊడిన చర్మం కత్తిరించి, రక్తం తుడిచాడు. టేపును ఉంగరంలా చేసి నడిమివేలికి తొడిగి, అరచేతి మీదుగా లాగి మణికట్టుకు చుట్టాడు.

"నువ్వు తొమ్మిదోవాడివి కదూ?" అన్నాడు మార్టన్.

"అవును. పిడికిలి బిగించు."

మార్టన్ బిగించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ వేళ్ళు విడలేదు. అప్పుడే తిరిగొచ్చిన కోచ్ ఆ కట్టు చూసి, పేరు తీసెయ్యొద్దని జడ్జీలకు చెప్పడానికి మళ్ళీ పరుగెత్తాడు.

ఫైనల్‌ను జితేంద్ర తలుపు సందులోంచి చూశాడు. మార్టన్ నేల మీద దిగేదాకా అతనికి ఊపిరాడలేదు. ఏడో స్థానం.

బయట అనూహ్య ఎదురొచ్చింది. "పిలుస్తరనుకున్న."

"పిలిచేటోళ్ళే. నేనే వాని చెయ్యి కట్టిన."

ఆమె ముఖంలో కోపమో దుఃఖమో తేలలేదు. "మరి నీ సంగతి?"

"రేపటిసంది పొద్దుగాల ఐదింటికి అలారం పెట్టకు," అన్నాడు.

సాయంత్రం ఎస్-బాన్ రైల్లో, నొప్పి భుజానికి తగలకుండా ఆమె అతని కుడిపక్కన కూర్చుంది.

వెనక ఆ గదిలో, బెంచీ కింద అతని తోలు చేతిపట్టీలు ఉండిపోయాయి, చెమటకు నల్లబడి, ఇంకా వేళ్ళ వంపు పోకుండా.