ఆర్విద్ అన్నయ్య పెళ్ళి ప్రసంగం

మా వైపు పెళ్ళి విందులో ముందుగా లేచి మాట్లాడవలసింది పెళ్ళికూతురి తండ్రి. నా మేనకోడలు సున్నివా పెళ్ళి నాటికి మా అన్నయ్య ఆర్విద్‌కు మాట లేదు.

కిందటి శీతాకాలం రేవులో పడవ కడుతూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం కుడిచేతినీ మాటనూ కలిపి పట్టుకుపోయింది. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతుంది. బదులు చెప్పడానికి మాత్రం "ఆఁ", "కాదు" మిగిలాయి. రాయబోతే అక్షరాలూ కలవవు.

"నీ బదులు నేను మాట్లాడతాలే," అంది వదిన మారిట్. "నీ మనసులో ఏముందో నాకు తెలీదా?"

"కాదు," అన్నాడు.

"పోనీ మీ చెల్లెలు మాట్లాడుతుంది."

నా వైపు చూసి దానికీ కాదన్నాడు.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి అతనికి ఫోనులో బొమ్మలు చూపించి కబుర్లాడటం అలవాటు చేసింది. అన్నయ్యకు దారి అక్కడ దొరికింది. వసంతకాలమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఎడమ బొటనవేలితో ఫోనులోనే స్లైడ్లు తయారుచేశాడు. పాత ఫొటోలు వెతికేవాడు, లేనివి కొత్తగా తీసేవాడు, వరస మార్చేవాడు. వదిన వంగి చూడబోతే ఫోను బోర్లించేవాడు.

ఒకరోజు మా ఇంటికొచ్చి నా కారు తాళాల కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు కారు నడపకూడదు అన్నయ్యా. డాక్టరు ఏం చెప్పాడు?"

తల అడ్డంగా ఊపి నన్ను రేవు దాకా నడిపించాడు. తాళాలు చెక్కల అంచున పెట్టి ఫొటో తీసుకున్నాడు. తర్వాత నీళ్ళకొక ఫొటో. తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాకేమీ అర్థం కాలేదు.

జూన్‌లో ఊరి సభాగృహంలో పెళ్ళి విందు. విందు నడిపించే పని నాది. అన్నయ్య పేరు పిలిచాను. పెళ్ళికొడుకు ఎస్పెన్ ఆ ఫోనును ప్రొజెక్టరుకు కలిపాడు. అన్నయ్య నడుము కుర్చీకి ఆనించి నిలబడి, ఎడమచేత్తో ఫోను పట్టుకున్నాడు.

గోడ మీద దుప్పటిలో చుట్టిన పసిపిల్ల కనిపించింది. అందరూ నవ్వుముఖాలు పెట్టారు. తర్వాత రేవు అంచున తాళాలు. తర్వాత వట్టి నీళ్ళు. హాలులో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిన్నప్పుడు సున్నివా కారు తాళాలు నీళ్ళలో పడేసిందా?" వెనక బల్ల నుంచి పొరుగింటి ఒడ్వార్ అడిగాడు.

"ఆఁ," అన్నాడు అన్నయ్య.

నవ్వులు మొదలయ్యాయి. తర్వాతి స్లైడులో బస్సు.

"బస్సులో ఇంటికెళ్ళారు," అంది ఎవరో పెద్దావిడ.

"ఆఁ."

ఆ తర్వాత వదిన ఫొటో, మొహం ముడుచుకుని. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అక్కణ్ణుంచి అతను చూపిస్తూ పోయాడు, హాలంతా చెబుతూ పోయింది. తప్పు చెబితే కాదని ఆగేవాడు, సరిగ్గా చెప్పేదాకా కదిలేవాడు కాదు.

చివర్న వాళ్ళింటి మెట్లు వచ్చాయి. పైనుంచి రెండో మెట్టు మీద అతని చెప్పు.

"జారి పడిందా?"

"కాదు."

"ఆ మెట్టు కిర్రుమంటుంది," అంది వదిన అందరికీ వినపడేలా. "బాగుచెయ్యమని ఎన్నేళ్ళు మొత్తుకున్నానో. ఎప్పుడడిగినా మేకులు లేవంటాడు. బద్ధకం."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

"కాదు," అన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి కూతురి వైపు చూపించాడు. తర్వాత తన చెవి ముట్టుకున్నాడు.

సున్నివా ఆ ఫొటోనే చూస్తూ ఉండిపోయింది. మెల్లగా లేచింది.

"డాన్సులకెళ్ళి ఆలస్యంగా వచ్చేదాన్ని," అంది. "నీ గదిలో దీపం ఉండేది కాదు. నిద్రపోయావనుకునేదాన్ని నాన్నా. చప్పుడు కాకుండా ఆ మెట్టు దాటాలని చూసేదాన్ని. నేనొచ్చానని తెలియడానికే దాన్ని అలా వదిలేశావా?"

"ఆఁ," అన్నాడు.

ఆమె వచ్చి, పట్టు లేని ఆ కుడిచేతిని తీసి తన భుజం చుట్టూ వేసుకుంది. వదిన ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది. "నాతో ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదా," అంది చివరికి. మాట ఉన్న రోజుల్లోనూ అతను చెప్పే మనిషి కాదని మా అందరికీ తెలుసు.

తర్వాత మాట్లాడవలసింది ఎస్పెన్ తండ్రి. ఆయన తన కాగితాలు విప్పి చూసి, మళ్ళీ మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ముందు మాంసం వడ్డించమను, రాండీ," అన్నాడు నాతో. "నాకు కాస్త టైమ్ కావాలి."