గడప చాప

మందిరంలో ఎడమ పక్క ఆడవాళ్లు కూర్చుంటారు, కుడి పక్క మగవాళ్లు. ఎడమ పక్క పరిచిన చాపల్లో చిట్టచివరిది, చెప్పులు విడిచే చోటుకు ఆనుకొని ఉండేది, గడప చాప. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు దాని మీదే కూర్చోవాలి. బల్ల మీది గుడ్డను గాని, గిన్నెలను గాని తాకకూడదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఇదివరకటి పాస్టరు ఇలాంటివి పట్టించుకునేవాడు కాదు. డానియల్ అయ్యగారు తిరుమలగిరి నుంచి ఈ మర్రిగూడ పక్క ఊరికి వచ్చాకే ఆ చాప పడింది.

ఆ చాప మీద ఎవరు కూర్చున్నారో మగవాళ్లు చెప్పులు విడుస్తూ ఓరగా చూసేవారు. కొత్త కోడలు కూర్చుంటే అత్త ముఖం మాడ్చుకునేది. స్నేహలత పదో తరగతిలో మొదటిసారి అక్కడ కూర్చున్నప్పుడు, తనతో చదివే పిల్లగాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకోవడం చూసింది. చూసి ఊరుకుంది. ఆమె చిన్నప్పటి నుంచీ అంతే. చూస్తుంది, మరిచిపోదు.

బల్లకు రొట్టె చేసేది ఆమె తల్లి సత్తమ్మ. ముందురోజు సాయంత్రం నుంచి ఏమీ తినకుండా ఉండి, తెల్లవారి తలస్నానం చేసి, ఆ తడి జుట్టుతోనే పిండి కలిపేది. ఊళ్లోకి నల్లా నీళ్లు రాకముందు బోరు నీళ్లతో కలిపితే రొట్టె పసుపు రంగు తేలి గట్టిపడుతుందని, వాన నీళ్లు పట్టి కుండలో దాచిపెట్టేది. ఉప్పు వేయదు, నూనె వేయదు, కాలుస్తున్నంతసేపూ మాట్లాడదు. బల్ల రొట్టె కాల్చే పెనం మీద ఇంట్లోవాళ్ల కోసం ఒక్క రొట్టె కూడా కాల్చలేదు.

సత్తమ్మకు రక్తం పోవడం మొదలై ఆగలేదు. నల్లగొండ దవాఖానలో గర్భసంచి అన్నారు, చెయ్యి దాటింది అన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచంలో పడ్డాక ఆమె అడిగింది ఒక్కటే. బల్ల కావాలంది. ఆ నెల రొట్టె స్నేహలత చేసింది. నీళ్లు ఎంత పోయాలో, పిండి పిసకడం ఎప్పుడు చాలించాలో తల్లి మంచం మీది నుంచే చెప్పింది.

ఆరాధన అయ్యాక డానియల్ అయ్యగారు రొట్టె ఉన్న డబ్బా పట్టుకొని వాళ్ల ఇంటికి వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని గాలయ్యను అడిగాడు.

"ఇంకా పోతాందా?"

గాలయ్య సంఘ పెద్ద. సత్తమ్మ మొగుడు. తల ఊపాడు.

"ఆగినంక చూద్దాం."

అయ్యగారు గడప బయటే నిలబడి ప్రార్థన చేసి, డబ్బా పట్టుకొని వెళ్లిపోయాడు. సత్తమ్మ దుప్పటి లోంచి చేయి బయటికి చాపి ఉంది, అరచేయి పైకి పెట్టి. చాలాసేపు అలాగే ఉంచింది. ఆ వారం దాటలేదు.

సమాధి దగ్గర అయ్యగారు ఆమెను గుణవతి అన్నాడు, సంఘానికి తల్లి లాంటిది అన్నాడు. బాగా చెప్పాడని అందరూ అనుకున్నారు. స్నేహలత ఆయన చేతిని చూస్తూ నిలబడింది. మాట్లాడేటప్పుడు ఆ చేయి గాలిలో ఎలా తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో చూసింది. ఈ చేయి కూడా ఒకరోజు అందరి ముందు ఖాళీగా ఉండాలి అనుకుంది.

ఆమె మందిరం మానలేదు. గొడవ పడలేదు. తల్లి పెనం మీదే నెలనెలా రొట్టె చేసి పంపింది, తల్లి చేసినంత పలుచగా. పిల్ల మనసు పెద్దది, క్షమించింది అని ఊళ్లో చెప్పుకున్నారు. గాలయ్య కూడా అలాగే అనుకొని కొంచెం తేలికపడ్డాడు.

నల్లగొండలో స్త్రీల కూడిక జరిగితే వెళ్లింది. అక్కడ అనూహ్య అనే టీచరు, ఏళ్ల తరబడి రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గుంపులో వెనక నుంచి వచ్చి యేసు వస్త్రపు అంచు ముట్టుకున్న సంగతి చెప్పింది. స్నేహలత ఆ కథ మీద ఎన్నో ప్రసంగాలు విన్నది. అన్నీ విశ్వాసం గురించే. రక్తం గురించి ఏ అయ్యగారూ మాట్లాడలేదు. టీచరు మాత్రం, ఆమె ముట్టుకున్నప్పుడు ఆయనకు మైల అంటిందా, ఆమెకు స్వస్థత వచ్చిందా, ఏది ఎటు పోయింది అని అడిగి, జవాబు చెప్పకుండా కూర్చుంది.

బస్సులో తిరిగి వస్తూ స్నేహలత ఆ కథను మళ్లీ మళ్లీ మనసులో తిప్పింది. సగం దారి దాటాక కథలో ఒకచోట ఆగిపోయింది. ఆ స్త్రీ రక్తం ఆగినాక ముట్టుకోలేదు. ముట్టుకున్నాకే ఆగింది. ఆయన వెనక్కి తిరిగి, ఆగిందా అని అడగలేదు. కుమారీ అన్నాడు, బిడ్డా అన్నట్టు. అంటే ఆ రోజు తమ గడప మీద నిలబడి డానియల్ అయ్యగారు అన్న మాట యేసుది కాదు. ఆ అయ్యగారి సొంతం. ఇది తెలిశాక స్నేహలత కోపానికి కాళ్లు వచ్చాయి. అప్పటిదాకా దేవుడు కూడా అటు పక్కే ఉన్నాడేమోనని ఆమెకు లోపల భయం ఉండేది.

కొత్త మందిరానికి స్లాబు పడింది. ప్రతిష్ఠకు నల్లగొండ నుంచి, పాస్టర్లందరికీ పైనుండే పెద్దయ్యగారు వస్తారని, ఆయన చేతుల మీదుగా బల్ల జరుగుతుందని చెప్పారు. డానియల్ అయ్యగారు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన బొమ్మే పెద్దది.

పత్తి ఏరుతూ స్నేహలత తన ఆలోచన ఆడవాళ్లకు చెప్పింది. ఈదమ్మ అవ్వ పత్తి సంచి దించి నడుం పట్టుకుంది.

"నాకు ముట్లుడిగి నీ వయసంత అయింది పిల్లా. నేనేం చెప్పాలె?"

"గదే చెప్పు అవ్వా. వచ్చి చూస్తడా ఏంది?"

నవ్వు చాళ్ల మీదుగా పోయింది. ఒకామె మాత్రం నవ్వలేదు. దేవునితోటి గిట్ల ఆడొచ్చునా అంది.

"దేవునితోటి కాదు వదినా," అంది స్నేహలత. "డానియలయ్యతోటి."

ప్రతిష్ఠ రోజు ఆడవాళ్లందరూ ముందే వచ్చారు. తెల్ల చీరలు, తలల మీద ముసుగులు. వచ్చినవాళ్లు వచ్చినట్టే గడప చాప మీద కూర్చున్నారు. చాప నిండింది. చెప్పులు పక్కకు జరిపి బండల మీద కూర్చున్నారు. అక్కడా నిండితే మెట్ల మీద కూర్చున్నారు. ఏళ్ల తరబడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి మోకాళ్లు బిగుసుకుపోయిన ఈదమ్మ, కాళ్లు బార్లా చాపి గడపకు అడ్డంగా కూర్చుంది. ముందు వైపు కొత్త చాపలు, ఇంకా ప్లాస్టిక్ వాసన పోనివి, ఖాళీగా మెరుస్తున్నాయి.

డానియల్ అయ్యగారు మైకులో అమ్మా ముందుకు రండి అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఇంకోసారి అన్నాడు. స్నేహలత లేచి నిలబడింది.

"రారాదు అయ్యగారు. మాకందరికి నెల వచ్చింది."

మగవాళ్ల పక్క ఎవరో దగ్గారు. ఈదమ్మ కూర్చున్నచోటి నుంచే గొంతు పెంచింది.

"నాక్కూడ వచ్చింది అయ్యగారు. అంత దేవుని మహిమ."

పెద్దయ్యగారికి అర్థం కాలేదు. ఏమిటని అడిగాడు. డానియల్ అయ్యగారు, సంఘంలో ఒక చిన్న క్రమం ఉంది అన్నాడు. ఏం క్రమం అన్నాడు పెద్దయ్యగారు. మైకు కట్టేయడం మరిచిపోయారు. తన క్రమాన్ని ఆయన తన నోటితో, కొత్త స్పీకర్లలో, ఊరంతా వినేటట్టు వివరించాల్సి వచ్చింది. చెబుతున్నకొద్దీ మాటలు పొట్టివయ్యాయి.

బల్ల మీది గుడ్డ తీశారు. పళ్లెం ఖాళీ. గిన్నెలు ఖాళీ. అవి నింపేదీ ఆడవాళ్లే. డానియల్ అయ్యగారు స్నేహలత వైపు చూశాడు. ముట్టు చేతులతో ఎట్ల చేస్తనయ్యా అంది ఆమె, మెల్లగా.

ఆయన గాలయ్య చెవిలో ఏదో చెప్పి మర్రిగూడకు పంపాడు. ఆలోపు పాటలు పాడించాలని చూశాడు. రాగం అందుకునేది ఎప్పుడూ ఆడవాళ్లే. మగవాళ్ల గొంతులు ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టి, రెండో చరణం దగ్గర ఆగిపోయాయి. అప్పుడు అయ్యగారి భార్య సుస్మితమ్మ, ముందు కుర్చీలో ఒక్కతే కూర్చున్నది, లేచింది. అందరి ముందు నుంచి నడుచుకుంటూ వచ్చి చెప్పుల పక్కన కూర్చుంది. ఈ ఆలోచన ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. స్నేహలత కొంచెం జరిగి జాగా ఇచ్చింది.

గాలయ్య అబ్దుల్ ఖాదర్ బేకరీ నుంచి బ్రెడ్డు ప్యాకెట్, ద్రాక్షరసం సీసా తెచ్చాడు. డానియల్ అయ్యగారు బ్రెడ్డును తానే పళ్లెంలో సర్ది, ఒక ముక్కను పెద్దయ్యగారికి అందించబోయాడు.

"అయ్యగారు," అంది స్నేహలత. "గా బ్రెడ్డు పిండి పిసికినామెను అడిగిన్రా?"

ఆయన చేయి గాలిలో ఆగింది. ఎవరు పిసికారో ఎవరికి తెలుసు అన్నాడు.

"ఖాదర్ పెండ్లాం వజీరమ్మ," అన్నాడు గాలయ్య. ఆయన తన జాగాలోకి పోలేదు, బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. "నా కండ్లతోటి చూసిన. ముట్టున్నదో లేదో నేనడగలె. ఒక్కసారి నా ఇంట్ల అడిగితె తల ఊపిన అయ్యగారు. మల్ల ఊప."

పెద్దయ్యగారు గాలయ్యను దగ్గరికి పిలిచి ఆ ఒక్కసారి సంగతి అడిగాడు. గాలయ్య చెప్పాడు. గట్టిగా చెప్పలేదు, కానీ మైకు అక్కడే ఉంది. సత్తమ్మ చేయి దుప్పటి బయట ఎలా ఉండిపోయిందో ఊరంతా విన్నది. పెద్దయ్యగారు ఆ ముక్కను అందుకోలేదు. బల్ల మీద గుడ్డ తిరిగి కప్పేసి, ముగింపు ప్రార్థన చేశాడు. డానియల్ అయ్యగారి చేయి కాసేపు అలాగే ఉంది. ఆయన ముక్కను ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకొని నిలబడ్డాడు.

స్నేహలత కళ్లారా చూసింది. ఇన్నాళ్లు ఎదురుచూసింది దీనికోసమే. సరిపోలేదు.

సాయంత్రం ఆమె తలస్నానం చేసి, తడి జుట్టుతో తల్లి పెనం పొయ్యి మీద పెట్టింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఇంట్లో, సత్తమ్మ మంచం ఉండే చోట కూర్చున్నారు. సుస్మితమ్మ కూడా వచ్చింది. మొదటి రొట్టె పొంగుతుండగా బయట బండి ఆగింది.

డానియల్ అయ్యగారు గడప దగ్గర ఆగాడు. వచ్చే ఆదివారం పెద్దయ్యగారు మళ్లీ వస్తారని, ఆ చాప తీసేయిస్తానని చెప్పాడు. రొట్టె నువ్వే చేయాలి బిడ్డా అన్నాడు. ఆయన నేల వైపు చూస్తూ, తప్పయింది అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకేదైనా చెబుతాడేమోనని ఆమె ఆగింది. చెప్పలేదు. లోపల తన భార్య ఈదమ్మ చేతిలోంచి రొట్టె ముక్క తీసుకోవడం ఆయన చూశాడు. గాలయ్యకు కూడా ఇచ్చారు. కాలిన గోధుమ వాసన గడప దాటి ఆయన దాకా పోతోంది.

"లోపలికి రావచ్చునా?"

స్నేహలత చేతికి అంటిన పిండిని కొంగుకు తుడుచుకుంది.

"ఆగినంక చూద్దాం అయ్యగారు."

ఏది ఆగాలో ఆయన అడగలేదు. ఆమె తలుపు వేయలేదు. తెరిచే ఉంచి, వెనక్కి తిరిగి పెనం దగ్గరికి వెళ్లింది. రెండో రొట్టె దాని మీద వేసి, కాలుతున్నంతసేపూ మాట్లాడకుండా, బండి చప్పుడు ఎప్పుడు దూరమవుతుందా అని వింటూ కూర్చుంది.