పటం కింద పేర్లు

మతురీన్ ఇస్త్రీపెట్టెను చెంపదాకా తెచ్చి వేడి చూసుకుని, గంజిపెట్టిన కాలరు మీద ఆనించింది. మామూలుగా పొయ్యి దగ్గర ఎడ్మే ఉంటుంది. చల్లారిన పెట్టె అందుకుని, కాగినది చేతికిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం అయిన కొత్తలో మా పారిస్ సందులో ఇస్త్రీవాళ్ళు జంటలుగానే పనిచేసేవారు. ఈ జంట పనే కాదు, బతుకంతా కలిసే, ఒకే గదిలో, ఒకే మంచం మీద వెళ్ళదీసింది. అడిగినవాళ్ళకు అక్కచెల్లెళ్ళమని చెప్పేవారు. అడగనివాళ్ళకూ చెప్పేవారు.

ఇప్పుడు ఎడ్మే తెర వెనక పడుకుని దగ్గుతోంది. మతురీన్ పొయ్యికీ, బల్లకీ, మంచానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

కాలర్లు హాలెట్ దొరసానివి. మగవాళ్ళ కోటు తొడుక్కుని, తనతో కాపురం ఉండే కవయిత్రి చెయ్యి పట్టుకుని వీధి మధ్యన నడిచే మనిషి. ఆవిడ వీళ్ళిద్దరి పటం గీసింది. ఆ రోజుల కొత్త పద్ధతిలో ముఖాలు పలకలు పలకలుగా, నాలుగు చేతుల మధ్య ఒకే ఇస్త్రీపెట్టె. ఈ సాయంత్రమే ప్రదర్శన. పటం కింద 'అక్కచెల్లెళ్ళు' అని రాయాలో, వేరువేరు ఇంటిపేర్లతో ఇద్దరి పేర్లూ రాయాలో కాలర్లు తెచ్చేటప్పుడు చెప్పమంది.

"పేర్లే రాయిద్దామే," అంది మతురీన్ మళ్ళీ.

"రాయిస్తే రేపట్నించి ఏ ఇల్లాలైనా మనకి దుప్పట్లు పంపుతుందా?" అంది ఎడ్మే తెర వెనకనించి.

"ఆ దొరసాని భయపడుతోందా?"

"ఆవిడకి వాళ్ళ నాన్న ఆస్తి ఉంది. నీకు నేనున్నాను, అదీ ఇలా. నేను పోయాక ఏం తింటావే?"

మతురీన్ పెట్టె ఎత్తడం మరిచిపోయింది. ఆ చేతుల్లో ఎన్నడూ మాడని కాలరు మాడింది.

వాసన తెర వెనక్కి వెళ్ళింది. "అంతగా కావాలా నీకు?" అంది ఎడ్మే. నవ్వబోయి దగ్గింది. "ఆ పటంలో నా ముక్కెక్కడుందో నాకే దొరకలేదు. పేర్లైనా ఉండనీలే. నాది ముందు పెట్టించు, పెద్దదాన్ని."

మతురీన్ ఆమెకు రెండు గుక్కల సూప్ పట్టి, కాలర్ల బుట్ట చంకన పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళింది. దొరసాని రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. చదువు రాదు కనక, ఎడ్మే పేరు ఏదో వేలు పెట్టి చూపించమంది. కాఫీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు.

"రాసేసిందే, నీదే ముందు," అంటూ తలుపు తోసింది.

ఎడ్మే మంచం దిగి వచ్చి, పొయ్యి పక్కన తన కుర్చీలో, తల గోడకు వాల్చి ఉంది. మతురీన్ ఆమె ముక్కు దగ్గర పెట్టిన చేతికి ఊపిరి తగల్లేదు; ఆ చెయ్యి ఆమె చెంప మీద వేసి, అలాగే ఉంచేసింది.

పొయ్యి మీద, పిడికి గుడ్డ చుట్టి, బల్ల దగ్గరున్న మనిషి అందుకోవడానికి వీలుగా ఇటు తిప్పి పెట్టిన ఇస్త్రీపెట్టె కాగుతూనే ఉంది.