ఒక తల, ఇద్దరు దేవుళ్ళు

“కదలకురా, దువ్వెన చెవిల గుచ్చుకుంటది” అంది మల్లమ్మ.

ఎల్లేశం కదలడం మానేశాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, బోరబండలో తన రేకుల ఇంటి ముందు నేల మీద చతికిలబడి, వెనక పీట మీద కూర్చున్న తల్లికి తల అప్పగించి ఉన్నాడు. తూరుపు ఇంకా ఎర్రబడలేదు. వీధి కుళాయి దగ్గర బిందెల చప్పుడు మొదలైంది. నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు ఈ తల్లీకొడుకులను చూసి మొదట్లో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. చూసి చూసి ఇప్పుడు నవ్వడం కూడా మానేశారు.

మల్లమ్మది పాత చెక్క దువ్వెన, ఒక కొసన రెండు పళ్ళు ఊడాయి. ఆమె ముందు అరచేతిలో కొబ్బరినూనె వంపుకుని కొడుకు మాడు మీద అద్దుతుంది. ఇసుక తట్టలు మోసి మోసి గరుకుదేలిన చేతులు కావడంతో ఒకటీ అరా వెంట్రుకలు వాటికే పట్టుకుని తెగుతాయి. తర్వాత కొసల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి వస్తుంది. సగం వీపు దాకా దిగిన జుట్టును మూడు పాయలుగా అల్లి, చుట్ట చుట్టి, నడినెత్తిన ముడివేసి, తన పాత చీర అంచు పేలికతో బిగిస్తుంది. దాని మీద సెక్యూరిటీ టోపీ పెడితే, కుండ మీద చిన్న గురిగి పెట్టినట్టు ఉంటుంది ఎల్లేశం తల.

“సోమారం కల్ల ఇది తీయకపోతే గేటు కాడ ఉండనియ్యరంటనే అవ్వా” అన్నాడు.

“తీపియ్యి. నేనొద్దన్ననా? రాజన్న కాడికి పోదాం పా.”

లోపల పొయ్యి ఊదుతున్న సత్తెమ్మ ఆగింది. “వేములవాడకు పోతే రాత్రి నిద్ర చేసి రావాలె. గుట్టకయితే పొద్దుగాల పోయి మాపటికి రావొచ్చు” అంది భర్తకు వినబడేలా, అత్తకు చెప్పేలా.

“తొవ్వ దగ్గరున్నదని దేవుడు పెద్దోడైతడా?”

“నేనట్లన్ననా అత్తా?”

ఎల్లేశం కళ్ళు మూసుకున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఈ పేచీ రోజూ ఇదే వేళకు మొదలై, జడ ముడిపడే సరికి దానంతటదే సద్దుమణిగిపోతుంది.

కథంతా రెండేళ్ళ నాటిది. మాదాపూర్ బండల మధ్య లేస్తున్న ఒక కొత్త భవనానికి తాపీపని చేస్తూ ఎల్లేశం గోడకు ఆనించి కట్టిన కర్రల గోవ మీంచి పడ్డాడు. ఇసుక కుప్ప మీద పడ్డాడు కనుక ప్రాణం దక్కింది, కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది. ఆ రాత్రి సర్కారు దవాఖానలో మంచానికి ఒక పక్క కూర్చున్న తల్లి, కొడుకు లేచి నడిస్తే తలనీలాలు ఇప్పిస్తానని వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. ఇంకో పక్క కూర్చున్న భార్య, అదే రాత్రి, అదే తలను యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకుంది. ఇద్దరూ మనసులోనే అనుకున్నారు. దేవుళ్ళిద్దరూ విన్నట్టున్నారు, మనిషి లేచి నడిచాడు. ఇంటికి వచ్చి గుట్ట ప్రయాణం మాటెత్తినప్పుడు గాని, తల ఒకటి, బాకీ రెండు అన్న సంగతి తేలలేదు.

ఇద్దరికీ ఇవ్వాల్సిందే, అందులో తగువు లేదు. తగువంతా ముందు ఎవరికి అన్నదే. మొదటి దేవుడికి నిండు జుట్టు పోతుంది, రెండో దేవుడికి మళ్ళీ మొలిచిందేదో పోతుంది. తన దేవుడు రెండోవాడు కావడానికి అత్తా ఒప్పుకోలేదు, కోడలూ ఒప్పుకోలేదు. మొక్కిన జుట్టుకు కత్తెర తగలకూడదు. అందుకని అది అలా పెరుగుతూ పోయింది.

ఎల్లేశం సద్దిగిన్నె సంచిలో వేసుకుని, బండల నడుమ కాలిబాటన మాదాపూర్ వైపు బయలుదేరాడు. కుడికాలు కాస్త ఈడుస్తాడు, అయినా నడక ఆగదు. చలిగాలికి చెవులు జిల్లుమంటున్నా నెత్తి మాత్రం వెచ్చగా ఉంది. ఆ బండలు దిగగానే దూరాన గుండ్రటి పెద్ద భవనం, దానికి ఇటుగా అతను పనిచేసే అద్దాల భవనం కనబడతాయి. తాపీ పట్టడం ఇక కుదరదని తెలిశాక, ఆ భవనం గేటు దగ్గరే అతనికి సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. తను కట్టిన గోడకు తనే కాపలా. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఎల్లేశానికి లోలోపల బోలెడంత గొప్పగా ఉంటుంది.

గేటు అంటే అతనికి ప్రాణం. ఎండ తగులుతుంది, గాలి తగులుతుంది, మనుషులు తగులుతారు. వచ్చే ప్రతి కారుకూ సలాం కొట్టి గొలుసు దించడంలో ఒక దర్జా ఉంది. కొందరు అద్దం దించి పలకరిస్తారు. పెళ్ళికి వెళ్ళొచ్చిన వాళ్ళు లడ్డూ ఇచ్చిపోతారు.

సూపర్‌వైజర్ సుబ్రహ్మణ్యం ఆ వేళకే వచ్చి ఉన్నాడు. తెనాలి వైపు మనిషి, సైన్యంలో చేసి వచ్చినవాడు, ఇస్త్రీ చెడకుండా కూర్చోగలడు, లేవగలడు. ఎల్లేశాన్ని పక్కకు పిలిచాడు.

“చూడవయ్యా, నేనూ తిరుపతికి మొక్కుకున్నవాణ్ణే. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు పోయాను. సోమవారం వచ్చేది బయటిదేశం వాళ్ళు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి టోపీ కింద కొప్పుంటే ఏం బావుంటుంది చెప్పు. రేపెలాగూ నీకు సెలవు. ఏ దేవుడికిస్తావో ఇచ్చేసిరా. లేదంటావా, సెల్లార్‌లో పార్కింగ్ దగ్గర వేస్తాను. అక్కడ నీ తల ఎవరూ చూడరు. సాయంత్రం డ్యూటీ దిగేలోపు చెప్పు.”

సెల్లార్ అంటే నేల కింది అంతస్తు. అక్కడ పగలు కూడా ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి. కార్ల పొగ తప్ప గాలి ఉండదు. పలకరించే మనిషీ ఉండడు, అక్కడ దిగినవాళ్ళు లిఫ్టు వైపు పరిగెత్తడమే గాని ఆగరు. పోనీ రేపే జుట్టిద్దామా అంటే, ఒక్క రోజులో వెళ్ళి వచ్చేది గుట్టకే. అంటే తల్లి దేవుణ్ణి వెనక్కి నెట్టినట్టే.

పదిగంటల వేళ ఆదర్శ్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. మూడో అంతస్తులో కంప్యూటర్ల దగ్గర పనిచేసే కుర్రాడు, అతనికీ మెడ వెనక గుప్పెడు జుట్టు రబ్బరుబ్యాండులో వేలాడుతుంటుంది. సుబ్రహ్మణ్యం అతనికి మాత్రం సెల్యూట్ కొట్టి “గుడ్ మార్నింగండి” అన్నాడు. మెడలో బ్యాడ్జీ వేలాడుతుంటే జుట్టు వేలాడినా ఫరవాలేదు కాబోలు.

ఆదర్శ్ బండి ఆపి నవ్వాడు. వాళ్ళిద్దరికీ ఈ జుట్టు చుట్టరికం ఒకటుంది. “ఏం ఎల్లేశం, ఇంకా ఎన్నాళ్ళు పెంచుతావ్?”

“ఎరుక లేదు సార్. మీరెందాక పెంచుతరు?”

“మా అమ్మ ఫోన్లో ఏడ్చేదాకా. రాత్రే ఏడ్చింది. వచ్చే వారం కటింగ్” అని బండి పోనిచ్చాడు.

మధ్యాహ్నం గోడ నీడన కూర్చుని సద్దిగిన్నె మూత తీశాడు ఎల్లేశం. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. నములుతూ, ఎవరికీ చెప్పని సంగతి తనకు తానే చెప్పుకున్నాడు. పేచీ తేలకపోవడం అతనికి ఇష్టం. అతను గట్టిగా ఒక మాట అంటే ఎప్పుడో తేలిపోయేదే. అనలేదు.

చిన్నప్పుడు మల్లమ్మ తెల్లారకముందే కూలీల అడ్డా మీదికి వెళ్ళిపోయేది. పిల్లాడి తల దువ్వే తీరిక ఎక్కడిది? నెలకోసారి మంగలి రాజయ్య ముందు కూర్చోబెట్టి నున్నగా గీకించేది. “దువ్వే పని లేదు, పేల బాధ లేదు” అనేది. పక్కింటి తల్లులు తమ పిల్లల తలలకు నూనె రాస్తుంటే ఎల్లేశం గోడవార నిలబడి చూసేవాడు. అడగాలని తోచేది కాదు, అడిగితే ఏమనేదో. ఇన్నేళ్ళకు, మోకాళ్ళు పనిచేయక ఆమె అడ్డా మానేశాక, దేవుడి పేరు చెప్పి ఆ చేయి అతని తల మీదికి వచ్చింది. పొద్దున్నే ఆ గరుకు వేళ్ళు మాడు మీద తిరుగుతుంటే ఎల్లేశానికి కళ్ళు మూతలు పడతాయి. జుట్టు తీసేస్తే ఆ చేయికి పనుండదు. ఏ సాకుతో మళ్ళీ ఆమె ముందు కూర్చుంటాడు? గుండు తలను ఎవరు దువ్వుతారు?

సాయంత్రం విజిల్ తాడు విప్పి బల్ల మీద పెట్టి అన్నాడు. “నన్ను సెల్లార్లనే ఏయుండ్రి సార్.”

సుబ్రహ్మణ్యం తలెత్తి చూశాడు. “ఆలోచించుకునే అంటున్నావా? మళ్ళీ పైకి తేవాలంటే అంత సులువు కాదు.”

“మంచిగ సోంచాయించుకున్న సార్.”

“నీ ఇష్టం” అన్నాడాయన, కొంచెం నొచ్చుకున్నట్టుగా.

గేటు దాటుతూ ఒకసారి వెనక్కి చూశాడు ఎల్లేశం. గొలుసు మీద సాయంత్రపు ఎండ పడుతోంది. బాధగానే ఉంది, కాని బరువుగా లేదు. మాదాపూర్‌లో కిరాణా కొట్టు ముందు ఆగి కొబ్బరినూనె సీసా కొన్నాడు, ఎప్పుడూ కొనే దాని కంటే పెద్దది. అవ్వతో ఏం చెప్పాలో బండల దారంతా కూర్చుకుంటూ నడిచాడు. “సార్ ఒప్పుకున్నడే, ఇగ ఫికర్ లేదు” అంటే చాలు. సెల్లార్ సంగతి ఎందుకు? ఎవరూ లేని చోట కూనిరాగం కూడా తీశాడు.

వీధి మొదట్లోనే పెద్దకూతురు ఎదురొచ్చి చేయి పట్టుకుంది. ఏడవలేదు, చేయి మాత్రం వదల్లేదు. ఇంటి ముందు జనం దారిచ్చారు.

మల్లమ్మ పగలు బువ్వ తిని, గోడకు వీపు ఆనించి కూర్చుని, వక్క కొరుకుతూ కునుకు తీసిందట. నాలుగింటికి చాయ్ తెచ్చిన సత్తెమ్మ పిలిస్తే పలకలేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. బుగ్గన వక్క ముక్క అలాగే ఉంది. ఎల్లేశం నూనె సీసా చేతిలో పట్టుకునే ఆమె పక్కన కూలబడ్డాడు.

మర్నాడు పొద్దున ఆమెకు కడపటి స్నానం చేయించే ముందు, తలకు నూనె పెట్టమని పెద్దవాళ్ళు కొడుకునే పిలిచారు. ఎల్లేశం కొత్త సీసా మూత తీశాడు. అరచేతిలో వంపుకుని మాడు మీద అద్దాడు, తన మాడు మీద ఆమె అద్దినట్టే. ఒక్క బొట్టు చాలన్నారెవరో. అతను వినలేదు. గూట్లోంచి చెక్క దువ్వెన తెచ్చి, కొసల నుంచి మొదలుపెట్టి ఆ గుప్పెడు తెల్లజుట్టు చిక్కు తీశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను తల్లి తల దువ్వడం అదే మొదలు. అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

తలకొరివి పెట్టే కొడుకు ముందుగా గుండు చేయించుకోవడం వాళ్ళ ఆనవాయితీ. చిన్నప్పుడు నెలనెలా అతని తల గీకిన మంగలి రాజయ్యే వచ్చాడు. ముసలివాడై చేతులు వణుకుతున్నా కత్తి పడితే మాత్రం వణకవు. పేలిక విప్పి జుట్టు చేత్తో తూచి చూసి, ఆగిపోయాడు.

“ఇవి దేవుని ఎంటికలు గద బిడ్డా. ఎట్ల జేద్దాం?”

ఎల్లేశం భార్య వైపు చూశాడు. మొక్కుకున్న ఇద్దరిలో మిగిలింది ఆమే. సత్తెమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన కూర్చుంది.

“తియ్యి మామా. అవ్వ కంటె ముందు దేవుడెవడు? మల్ల మొలిచినంక ఒకలెనక ఒకలకు ఇస్తం. దేవుళ్ళు ఆగుతరు.” తర్వాత గొంతు తగ్గించి, భర్తకు మాత్రమే వినబడేలా అంది. “ముందు గుట్టకే పొమ్మని పోయిన బోనాలప్పుడే అత్త నాతోని అన్నది. కాదు, రాజన్న కాడికే పోదామని నేన్గూడ అన్న. ఎప్పుడో రాజీ పడ్డం.”

“మరి దినాం పొద్దుగాల ఆ లొల్లి?”

“లొల్లి లేకపోతే నువ్వు పోయి తీపించుకొస్తవు గద” అంది సత్తెమ్మ. “మీరిద్దరు గట్ల కూసుంటె మంచిగ ఉండె. అత్తకు గూడ గదే కావాలె. నోరిడిచి చెప్పలే గని.”

ఎల్లేశం ఆమె ముఖంలోకి చూసి నవ్వబోయాడు, నవ్వు సగంలోనే చెదిరింది. తల వంచాడు. రాజయ్య నీళ్ళు చిలకరించి కత్తి పెట్టాడు. రెండేళ్ళ జుట్టు పాయలు పాయలుగా ఒడిలోకి జారింది. దాని కోసం తగువు పడేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

దినాలు ముగిశాక పనికి వెళ్తే, సుబ్రహ్మణ్యం అతని గుండు చూసి, సంగతి తెలుసుకుని, గేటు విజిల్ తెచ్చి చేతిలో పెట్టాడు. పైకి తేవడం అంత కష్టమేమీ కాలేదు. టోపీ మాత్రం వదులైపోయి చెవుల మీదికి జారుతుంటే, సత్తెమ్మ ఆ చీర అంచు పేలికనే మడిచి లోపల కుట్టింది. అది పెట్టుకుని ఎల్లేశం ఎండలో నిలబడి వచ్చేవాళ్ళకు సలాం కొడుతున్నాడు. ఆదర్శ్ కూడా కటింగ్ చేయించుకుని వచ్చి, బండి ఆపి, నవ్వబోయి, ఊరుకుని భుజం తట్టి వెళ్ళాడు.

బోరబండ ఇంట్లో, తలుపు పక్క గూట్లో చెక్క దువ్వెన పెట్టినచోటే ఉంది. దాని పళ్ళకు ఒక పొడుగాటి నల్లవెంట్రుక, ఒక పొట్టి తెల్లవెంట్రుక చుట్టుకుని ఉన్నాయి.