అరచేతిలో ఇమిడే పగ

నేను ఒక లారీ ఇంజనులో ఉండే థర్మోస్టాట్‌ని. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ముక్కని. ఆయుధపూజనాడు రేడియేటర్‌కైనా కుంకుమబొట్టు పెడతారు, నాకు ఆ భాగ్యమూ లేదు. పగపట్టడంలో మాత్రం నాకెవరూ సాటిరారు.

నా పని చెబుతాను వినండి. ఇంజను వేడిని నీళ్ళు మోసుకుపోతాయి. పంపు తోస్తే అవి ముందున్న రేడియేటర్‌లోకి వెళ్ళి, ఫ్యాను గాలికి చల్లారి, మళ్ళీ వెనక్కి వస్తాయి. ఆ దారికి నేను తలుపుని. బండి స్టార్టు చేయగానే మూసుకుని ఉండి, నీళ్ళను ఇంజనులోనే తిప్పుతాను. ఇంజను వేడెక్కితేనే డీజిల్ సరిగ్గా మండుతుంది మరి. నీళ్ళు చాలినంత వేడెక్కగానే నా కడుపులోని మైనం కరిగి ఉబ్బుతుంది, తలుపు తెరుచుకుంటుంది.

మా యజమాని శేషిరెడ్డి బేతంచెర్ల నాపరాళ్ళు తోలేవాడు. కూలెంటు దండగని రేడియేటర్‌లో బోరునీళ్ళు పోయించేవాడు. ఉప్పు పేరుకుని గొట్టాలు పూడిపోయి, గిద్దలూరు ఘాట్‌లో ఇంజను ఉడికిపోయింది. షెడ్డు మేస్త్రీ రేడియేటర్ కడిగి ఊరుకోకుండా నన్నూ పీకేశాడు.

"ఈ అడ్డం తీసేస్తే నీళ్ళు జోరుగా తిరుగుతాయి రెడ్డీ. ఇంజను చల్లగుంటాది."

"కంపెనీవాడు ఊరికే పెట్టింటాడా రెడ్డీ?" అన్నాడు డ్రైవరు మద్దిలేటి.

"నువ్వు బండి తోలు, చాలు" అన్నాడు శేషిరెడ్డి.

మద్దిలేటి నన్ను తుడిచి టూల్‌బాక్సులో దాచాడు. తప్పేమో బోరునీళ్ళు పోయించినవాడిది, శిక్ష నాకు! నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను లేని ఇంజను ఎప్పుడూ గోరువెచ్చగా ఉండి డీజిల్ తెగ తాగింది. శేషిరెడ్డి జేబుకు చిల్లు పడుతుంటే నాకెంత సంబరమో! కానీ ఆయన అనుమానం మద్దిలేటి మీదికి పోయింది. లారీ ముందు కర్పూరం వెలిగించి, దాన్ని ఆర్పి ప్రమాణం చేయమన్నాడు.

"డీజిల్ యాడ అమ్ముకుంటాండావు?"

"చుక్క గూడ అమ్మలేదు రెడ్డీ. నా బిడ్డ మీదొట్టు."

మద్దిలేటి అరచేత్తో కర్పూరం ఆర్పాడు. అయినా శేషిరెడ్డి నమ్మలేదు. చెయ్యి కాలింది, పనీ ఊడింది. దొంగ అన్న పేరు పడ్డాక ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు. గనిలో రాళ్ళు మోయడానికి పోయాడు. సంబరపడ్డందుకు నాకే సిగ్గేసింది, పగ రెట్టింపైంది.

కొన్నాళ్ళకు నంద్యాలలో ఇంకో మేస్త్రీ, థర్మోస్టాట్ లేకనే బండి ఇంత డీజిల్ తాగుతోందని తేల్చాడు. శేషిరెడ్డి నన్ను వెతికి తీసి, గుప్పిట్లో పెట్టుకుని గని దగ్గరికి వెళ్ళాడు.

"తప్పయిపాయ మద్దిలేటీ. రేపట్నుంచి బండెక్కు."

మద్దిలేటి నన్ను చూశాడు గానీ ముట్టుకోలేదు.

"దాన్నంటే మళ్ళా బిగిస్తావు. పోయిన నా పేరు యాడ్నుంచి తెస్తావు రెడ్డీ?"

నాకు చిలుము పట్టింది, కొత్తది కొనమన్నాడు నంద్యాల మేస్త్రీ. కనీసం వేన్నీళ్ళలో వేసి, తెరుచుకుంటుందో లేదో చూద్దామన్నాడు. శేషిరెడ్డి వింటేగా! నన్నే బిగించుకుని, డ్రైవరు దొరక్క తానే తోలుకుంటూ ఘాటెక్కాడు. నీళ్ళు కుతకుతా మరిగాయి. నేను తెరుచుకోలేదు. ఇంజను పట్టేసి, బండి లోడుతో సహా ఘాట్ నడుమ ఆగిపోయింది.

ఇప్పుడు ఆ ఇంజనూ నేనూ పాత ఇనుము కొట్టులో పక్కపక్కన పడి ఉన్నాం. నేను చిలుము పట్టి బిగుసుకుపోయానని అందరూ అన్నారు. చిలుము సంగతి నిజమే. కానీ ఆ రోజు నాకు తెరుచుకోవాలనీ అనిపించలేదు.