పైన పెట్టండి

పెళ్లయి అప్పటికి యాభై రెండు రోజులు. లెక్కపెట్టుకుంటున్నానని అభిషేక్ నన్ను ఏడిపిస్తాడు గానీ, లెక్క మొదలుపెట్టింది తనే. ఫ్రిజ్‌కి ఒక కాగితం అంటించి రోజూ పొద్దున గీత గీస్తాడు. ఐదు గీతలైతే ఆ సాయంత్రం ఐస్‌క్రీం. హసన్‌పర్తిలో మాది రెండు గదుల అద్దె వాటా. కొత్త కుక్కర్ మొదటి విజిల్ వేసినప్పుడు చప్పట్లు కొట్టిన మనిషిని నేను. ఆ వానాకాలం నాకు అన్నీ అందంగానే కనిపించాయి, ఆఫీసు కూడా.

ఆఫీసు హనుమకొండలో. ఇంటర్ పిల్లలకు గైడ్లు వేసే చిన్న ప్రచురణ సంస్థ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను కాబట్టి ప్రూఫులు దిద్దే పని నాది. నా పక్క కుర్చీ రమది, కెమిస్ట్రీ టైప్ చేస్తుంది. కిటికీ పక్కన మూల కంప్యూటర్ రామలింగం అంకుల్‌ది. ఆయనకు యాభై ఏడేళ్లు. పేజీలు పేర్చడం, బొమ్మలూ సూత్రాలూ కూర్చడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నారు. యజమాని శ్యాంసుందర్ సార్ సరదా మనిషి అని నేను చేరిన రోజే రమ చెప్పింది.

ఆ సరదా ఎలాంటిదో ఒక మంగళవారం పొద్దున చూశాను.

"ఫైలు తెరుచుకున్నదా రామలింగం?" అన్నారు సార్, తన గదిలోంచి వస్తూ.

"తెరుచుకుంటాంది సార్."

"వచ్చినప్పటిసంది అదే మాట. ముహూర్తం గిట్ల చూస్తానవా ఏంది?"

"కంప్యూటర్ జర నెమ్మది సార్."

"అదా నెమ్మది, నువ్వా? లే. కూసుంటే నిద్ర పడుతది. తెరుచుకునేదాక నిలబడు."

అంకుల్ లేచి నిలబడ్డారు. చేతులు ముందుకు కట్టుకుని, తెర మీద తిరుగుతున్న చిన్న చక్రాన్ని చూస్తూ. ఏడు నిమిషాలు. సార్ గోడకు ఆనుకుని టీ తాగుతూ అక్కడే ఉన్నారు. ఎవరూ టైప్ చేయలేదు.

"మీ చర్చిల గూడ ఇంతసేపు నిలబెట్టరు కదనే షారోన్," అని రమ నా చెవిలో అంది. నేను చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నాకే ఏదోలా అనిపించి, నా డబ్బాలోంచి ఆలుగడ్డ వేపుడు అంకుల్‌కి వడ్డించాను. అది అభిషేక్ చేశాడు, ఉప్పు ఎక్కువైంది, అయినా నాకు బ్రహ్మాండంగా ఉంది.

"నెలాఖరుకు కొత్త మనిషిని తెస్తా అంటాండు బిడ్డా సార్," అన్నారు ఆయన. "ఉద్యోగం పోతే పోనియ్. కార్డు పోతది. ఈఎస్ఐ కార్డు. మా ఇంటామె సమ్మమ్మకు కిడ్నీలు పని చేస్తలేవు. వారానికి రెండుమాట్ల రక్తం శుద్ధి చేపియ్యాలె. మంగళవారం, శుక్రవారం. ఆ కార్డు మీదనే నడుస్తాంది. ఇయాల కూడా మూడు గంటలకు పోవాలె."

"కంప్యూటర్ ఎందుకు నెమ్మదైందో నేను చూస్తా అంకుల్," అన్నాను. "ఫికర్ చేయకండి."

బుధవారం పొద్దున ఆయన కంటే ముందే వచ్చి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏ ప్రోగ్రాం ఎంత శక్తి తింటోందో చూపించే జాబితా తెరిచాను. ఆయన వచ్చి పని మొదలుపెట్టగానే పెట్టెలో ఫ్యాను మిక్సీలా మోత మొదలుపెట్టింది. ప్రాసెసర్ తొంభై ఏడు శాతం. జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది సింక్ ప్రోగ్రాం. జూన్‌లో సార్ అన్ని కంప్యూటర్లలోనూ దాన్ని పెట్టించారు. 'ఆఫీసు' అనే ఫోల్డర్‌లో ఏది దాచినా దానంతటదే ఇంటర్నెట్‌లోకి వెళ్లిపోతుంది, సార్ ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకోవచ్చు. మా అందరి కంప్యూటర్లలోనూ అదే ఉంది. మావి బాగానే నడుస్తున్నాయి.

ఈయనది మాత్రం ఎందుకు ఇలా? కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని గమనించాను. రెండు పదాలు కొట్టగానే ఎడమ చెయ్యి చిటికెన వేలు కంట్రోల్ మీదికీ, ఉంగరం వేలు ఎస్ మీదికీ పోతున్నాయి. సేవ్. ఒక గీత జరిపితే సేవ్. ఏమీ చేయకుండా ఆలోచిస్తున్నా సేవ్. పది నిమిషాల్లో నలభై ఒక్కసారి. బొమ్మలతో నిండిన అంత పెద్ద ఫైలు సేవ్ అయిన ప్రతిసారీ, సింక్ ప్రోగ్రాం దాన్ని మొదటినుంచీ చదివి పంపడం మొదలుపెడుతోంది. సగం పంపేలోపు మళ్లీ సేవ్. మళ్లీ మొదటికి.

"అంకుల్, ఇన్నిసార్లు సేవ్ ఎందుకు కొడుతున్నరు?"

"నేనేడ కొట్టిన?" అని తన వేళ్ల వైపు చూసుకున్నారు. అప్పుడు కూడా వేలు కదిలింది. నాకు నవ్వొచ్చింది, ఆయన కూడా నవ్వారు. "వెనుకట కరెంటు ఎప్పుడు పోతదో తెల్వకపోయేది బిడ్డా. ఒక్కపారి వర్ధన్నపేట సార్ రాసిన పుస్తకం, రెండు నూర్ల పేజీలు, కండ్ల ముంగటనే పోయింది. మల్ల మొత్తం కొట్టిన. ఆ దినంసంది వేలు దానంతటదే పోతది."

కాసేపు ఆపి చూడమన్నాను. ఆయన ఎడమ చేతిని ఒడిలో పెట్టుకుని ఒక్క పేరా కూర్చడానికి ప్రయత్నించారు. మూడో వాక్యానికి నుదుటి మీద చెమట.

"గాలాడ్తలేదు," అన్నారు.

సరే, వేలు మారదు కదా, ఫైలునే మారుద్దాం అనుకున్నాను. డెస్క్‌టాప్ మీద, సింక్ తాకని చోట, 'పని' అని కొత్త ఫోల్డర్ చేసి ఆయన ఫైళ్లన్నీ అందులోకి మార్చాను. ఇక ఎన్నిసార్లు సేవ్ కొట్టినా పంపే గొడవ లేదు. సాయంత్రం వెళ్లేముందు ఒక్కసారి ఆ ఫైళ్లను 'ఆఫీసు' ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే చాలు. తొంభై ఏడు కాస్తా అరవై అయింది, ఇరవై రెండు అయింది, ఆరు దగ్గర ఆగింది. జ్వరం దిగినట్టు దిగింది. ఫ్యాను మోత ఆగిపోయింది, కిటికీ బయట వాన చప్పుడు వినిపించింది. ఫైలు మూసి మళ్లీ తెరవమన్నాను. అంకుల్ అలవాటుగా లేవబోయారు. ఆయన సగం లేచేసరికే పేజీ తెర మీదికి వచ్చేసింది. పద్దెనిమిది సెకన్లు.

ఆ సాయంత్రం కాపీ పని నేనే చేశాను. గురువారం ఆయన మక్క గారెలు తెచ్చారు, సమ్మమ్మ గారు ఓపిక లేకపోయినా చేసి పంపారట. ఇంకా వేడిగా ఉన్నాయి. రమ నాలుగు తింది.

అదే రోజు సాయంత్రం అభిషేక్ కింద బైక్ మీద హారన్ కొడుతున్నాడు. మూడు రోజులు లక్నవరం పోతున్నాం, తను పసుపు రంగు రెయిన్‌కోట్లు రెండు కొన్నాడు, ఒకే రకానివి. నాకు కాలు నిలవడం లేదు. బ్యాగు భుజానికి తగిలించుకుంటూ అంకుల్ దగ్గర ఆగాను.

"అంకుల్, రోజూ ఇంటికి పోయేముందు ఈ ఫోల్డర్ పైన పెట్టండి. మర్చిపోవద్దు."

"పైననా?"

"ఆ, పైన. సార్ చూస్తరు కదా."

"మంచిది బిడ్డా. పైలంగ పోయి రాండ్రి."

మా ఆఫీసులో ఇంటర్నెట్‌లోకి పంపడాన్ని అందరం 'పైన పెట్టడం' అనే అంటాం. సార్‌కి అలవాటైన మాట అది. అంకుల్‌కి మాత్రం ఎవరూ ఎప్పుడూ అది నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం రాలేదు. ఆయన సేవ్ కొట్టేవారు, అది దానంతటదే వెళ్లిపోయేది. ఇదంతా నాకు మెట్లు దిగేటప్పుడు తట్టలేదు. రెయిన్‌కోటు టోపీ ఎలా పెట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

సోమవారం తిరిగొచ్చేసరికి అందరూ అంకుల్ కంప్యూటర్ చుట్టూ ఉన్నారు. సార్ నాలుగు రోజులు హైదరాబాదులో ఉండి, అక్కడినుంచి రోజూ ఫోన్‌లో అంకుల్ కూరుస్తున్న ఫిజిక్స్ గైడు చూశారు. బుధవారం సాయంత్రం తర్వాత అందులో ఒక్క అక్షరం మారలేదు. ఫోన్ చేసి అడిగి ఉండొచ్చు. కానీ అడిగితే ఈ పొద్దుటి సరదా ఉండేది కాదు.

"నాలుగు రోజులు ఏం చేసినవ్ రామలింగం? జర చెప్పు, అందరం ఇంటం."

"అరవై నాలుగు పేజీలు అయినయి సార్. ఐతారం గూడ వచ్చి చేసిన."

"ఏవీ మరి? నా ఫోన్ల లేవు."

"పైన పెట్టిన సార్. రోజూ పెట్టే పోయిన." అంకుల్ తెర వైపు చూపించారు. "ఇగో, పైన్నే ఉన్నది."

'పని' ఫోల్డర్ తెర పైఅంచున, మూలకు, ఒంటరిగా ఉంది. మిగతా ఐకాన్లన్నీ ఓపిగ్గా కిందికి జరిపి, దానికి ఆ వరస మొత్తం ఖాళీ చేశారు.

 సార్ జేబులోంచి ఫోన్ తీసి వీడియో పెట్టారు. "మల్లొక్కసారి చెప్పు. ఏడ పెట్టినవ్?"

"పైన సార్."

"వేలు పెట్టి చూపియ్."

అంకుల్ వేలు పైకెత్తి తెర మూలకు ఆనించారు. ఫోన్ వైపు చూసి, ఫోటో తీస్తున్నారనుకుని, కొద్దిగా నవ్వారు కూడా. అందరం నవ్వాం. నేనూ నవ్వాను, ఆపుకోలేకపోయాను. నవ్వుతూ ఉండగానే ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

"శుక్రవారమే చూసిన నేను," అంది రమ నా భుజం మీద వాలిపోయి. "చెప్తే మజా పోతదని ఊకున్న."

సార్ వీడియో ఆఫీసు గ్రూప్‌లో పెట్టారు. అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. అంకుల్ ఫోన్ కూడా.

"ఈ ఫోల్డర్ చేసింది ఎవలు?" అన్నారు సార్.

"షారోనమ్మ చేసింది సార్," అన్నారు అంకుల్. అందులో ఫిర్యాదేమీ లేదు. అడిగారు, చెప్పారు.

సార్ నా వైపు తిరిగారు. నేను చెప్పిందంతా నిజమే. కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే కారణం కనుక్కున్నాననీ, సింక్ తాకకుండా ఫైళ్లు మార్చాననీ, సాయంత్రం పైన పెట్టమని అంకుల్‌కి చెప్పే వెళ్లాననీ చెప్పాను. పరుగెత్తుకుంటూ చెప్పాననీ, ఒక్కసారైనా చేసి చూపించలేదనీ చెప్పలేదు.

"ఇప్పుడు ఎంతసేపట్ల తెరుచుకుంటాంది?"

"పద్దెనిమిది సెకన్లు సార్." నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

"శభాష్." సార్ అంకుల్ వైపు తిరిగారు. "చూసినవా? వచ్చి రెండు నెలలు కాలే, మిషిని బాగుచేసింది. ఇన్నొద్దులు కంప్యూటర్ నెమ్మది, కంప్యూటర్ నెమ్మది అని పాట పాడినవ్. ఇగ దానికి ఏ రోగం లేదు. రోగం నీదే అని తేలింది."

"సార్, పేజీలన్నీ ఉన్నాయి," అన్నాను మెల్లగా. "తప్పుల్లేకుండా ఉన్నాయి."

"ఉన్నయి. ఎవలకు కనపడ్డయి? రేపటిసంది నువ్వు ఈ కుర్చీల కూసో షారోన్. రామలింగం, నీ పని అయిపోయింది."

అంకుల్ లేచి నిలబడ్డారు. ఈసారి ఎవరూ లేవమనలేదు. "సార్, కంప్యూటర్ తీసుకోండ్రి. పేరు మాత్రం ఉంచుండ్రి సార్. కార్డు కోసం. ఏ పనన్న చేస్త."

"ఏ పనన్ననా?"

"ఏదన్న సార్."

"కింద గోదాముల పార్సిళ్లు కట్టేటోడు మానేసిండు. కడుతవా? సుతిలి దారం ముడి వేసుడన్న వస్తదా, అది గూడ పైన వేస్తవా?"

మళ్లీ నవ్వులు. "కడుత సార్," అన్నారు అంకుల్. కీబోర్డు పక్కన ఉన్న కళ్లద్దాల డబ్బా తీసుకుని కిందికి వెళ్లిపోయారు.

నేను ఆ కుర్చీలో కూర్చుని మూడు వారాలైంది. వెలుతురు బాగుంటుంది, వాన కనిపిస్తుంది, కంప్యూటర్ ఆఫీసు మొత్తంలో వేగమైనది. ఇంట్లో చెప్పినప్పుడు అభిషేక్ నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పాడు. అయినా నిన్న సాయంత్రం ఉండబట్టలేక గోదాములోకి వెళ్లాను. అంకుల్ నేల మీద బాసిపట్లు వేసుకుని గైడ్ల కట్టలకు దారం బిగిస్తున్నారు. దారం ఒరిసి వేళ్లు ఎర్రగా పగిలాయి.

"అంకుల్, తప్పు నాది. నేను సరిగ్గా చెప్పలేదు. రేపు సార్‌తో ఈ సంగతి చెప్పేస్తా."

ఆయన ముడి వేయడం ఆపారు. తల ఎత్తలేదు.

"చెప్పకుర్రి మేడం."

"ఎందుకు అంకుల్? నిజమే కదా."

"మీరు చెప్తే ఆయనకు తప్పు చేసినట్టయితది. తప్పు చేసినట్టయితే నా మొకం చూడబుద్ధి కాదు. అప్పుడు ఇది గూడ పోతది, కార్డు గూడ పోతది. ఇప్పుడైతే నన్ను చూస్తే నవ్వొస్తాంది ఆయనకు. నవ్వనియ్యుండ్రి. రేపు శుక్రవారం, సమ్మమ్మను దవాఖానకు తీస్కపోవాలె." కట్టను పక్కకు నెట్టి ఇంకోటి దగ్గరికి లాక్కున్నారు. "మీరు పోండ్రి మేడం. సార్ చూస్తే మనం ఏమన్న మాట్లాడుకుంటానం అనుకుంటడు."

సరే అన్నాను. వెంటనే అన్నాను. ఇంక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు అనేసరికి నా ప్రాణం ఎంత తేలికైందో. బయట సన్నగా తుంపర. అభిషేక్ రోడ్డుకి అవతల నిలబడి, కాల్చిన మక్కకంకి ఒకటి తను కొరుకుతూ, రెండోది నాకోసం పైకెత్తి ఊపుతున్నాడు. నేను రోడ్డు దాటి పరుగెత్తాను.